ఐదు బై ఏడు

"ఇవన్నీ మీకెందుకమ్మా? రాసింది రాసినట్టు వేస్తే చాలు."

ఈ మాట మీలో ఎంతమంది విన్నారో గానీ, నేను మాత్రం లెక్క మర్చిపోయేన్నిసార్లు విన్నాను. డాక్టర్ల దగ్గర విన్నాను, మందుల షాపుల్లో విన్నాను, చివరికి మా ఇంట్లో కూడా విన్నాను. ఈ మధ్య మళ్ళీ విన్నాక, ఇక దీని సంగతి తేల్చాల్సిందేనని ఈ పోస్టు రాయడానికి కూర్చున్నాను. కొంచెం పెద్దదే. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఒక మాట అడుగుతాను. డాక్టరుగారు మందు రాస్తారు. షాపతను ఇస్తాడు. దాన్ని సరైన పూట, సరైన లెక్కలో, సరైన మనిషి నోట్లోకి చేర్చేదెవరు? తినకముందా తిన్నాకా అని గుర్తు పెట్టుకునేది, అయిపోక ముందే తెప్పించేది, వేసుకోనని మొండికేస్తే బతిమాలేది ఎవరు? చాలా ఇళ్ళల్లో ఆ పని మనదే. ఆస్పత్రిలో ఇదే పనిని ఒక నర్సు చేస్తే దానికి చదువుంది, శిక్షణ ఉంది, జీతం ఉంది. ఇంట్లో చేస్తే "మాత్రలందించడం" అంటారు. మంచినీళ్ళ గ్లాసు అందించడం లాంటిదన్నమాట. అందుకే దానికి ఏ చదువూ అక్కర్లేదని అందరి నమ్మకం.

ఆ నమ్మకం మా ఇంట్లో ఏం చేసిందో చెప్తాను.

రెండేళ్ళ క్రితం మాట. మా అత్తయ్యగారికి అప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చూపిస్తే డిగాక్సిన్ అనే చిన్న మాత్ర రాశారు, 0.25 మిల్లీగ్రాములది. మందు పేరు పక్కన చక్కగా, ముత్యాల్లాంటి అక్షరాలతో 5/7 అని వేశారు. చీటీ మీద తారీఖు జూన్ 12.

నేను దాన్ని జులై ఐదు అని చదివాను. మళ్ళీ వచ్చి చూపించుకోవాల్సిన రోజనుకున్నాను. క్యాలెండర్లో జులై 5 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా కూడా చుట్టాను. షాపులో అబ్బాయి మాత్రలు కవర్లో వేసి "రోజూ పొద్దున ఒకటి" అన్నాడు. నేను రోజూ పొద్దున ఒకటి వేశాను. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. అదే నా తప్పు అవుతుందని అప్పుడు తెలీదు.

5/7 అంటే వారంలో ఏడు రోజులకి ఐదు రోజులు వేసి, రెండు రోజులు ఆపాలని. ఈ మందుకి మన దగ్గర చాలామంది డాక్టర్లు అలా రాస్తారట. ఆ గుర్తు వాళ్ళ మధ్య వాడుక. మనకది తారీఖు.

మొదటి వారం అంతా బ్రహ్మాండంగా ఉంది. ఆయాసం తగ్గింది. "ఈ మాత్ర మంచిదే అమ్మాయ్" అన్నారావిడ. రెండో వారం అన్నం సయించడం మానేసింది. ముద్దపప్పు, ఆవకాయ అంటే ప్రాణం పెట్టే మనిషి కంచం పక్కకి జరిపేవారు. ఎండలకనుకున్నాం. విజయవాడ ఎండలు మీకు తెలియనివా! రోహిణి కార్తె వెళ్ళిపోయినా వేడి తగ్గలేదు ఆ ఏడు. మూడో వారం వాంతులు. గ్యాస్ అని ఎవరో చెప్తే గ్యాస్ మాత్ర వేశాం. ఒక సాయంత్రం "దీపాలు ఇంత పచ్చగా ఉన్నాయేమిటి, బల్బులు మార్చారా?" అనడిగారు. బల్బులెవరూ మార్చలేదు. వయసు మీద పడి చాదస్తం అనుకుని మా వారూ నేనూ నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

జులై 2 ఉదయం స్నానాల గదిలో పడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్తే నాడి నిమిషానికి నలభై రెండు.

అక్కడ డ్యూటీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. మా అమ్మాయి కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. మాత్రల డబ్బా చూపించమంది. చూసి, "ఆంటీ, ఇది వారానికి ఎన్ని రోజులు వేస్తున్నారు?" అంది. "రోజూ వేస్తున్నానమ్మా, ఒక్కరోజు కూడా తప్పలేదు" అని గర్వంగా చెప్పాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది. రక్తంలో ఆ మందు ఎంత ఉందో పరీక్ష చేయించింది. మిల్లీలీటరుకి రెండు నానోగ్రాములు దాటితేనే ప్రమాదమట. ఆవిడకి 3.4 ఉంది. అన్నం సయించకపోవడం, వాంతులు, దీపాలు పచ్చగా కనబడటం, అన్నీ ఆ మందు ఎక్కువైన గుర్తులేనట. పుస్తకాల్లో రాసి ఉంటాయట. మన చేతికిచ్చిన చీటీలో మాత్రం ఉండవు.

మందు ఆపారు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. దేవుడి దయ, ఆ డాక్టరమ్మ దయ, మనిషి దక్కారు.

ఇక ఇంట్లో తీర్పులు మొదలయ్యాయి. మా ఆడపడుచు ఫోన్లో, "చదువుకున్నదానివేగా వదినా, ఆమాత్రం చూసుకోలేకపోయావా?" అంది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు. మందు గురించి అడిగితే "నీకెందుకు", మందు వికటిస్తే "నీకు తెలియాలిగా". ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎలా అంటారండీ? అధికారం లేని చోట బాధ్యత మాత్రం మొత్తం మనదే అనడం ఏ న్యాయం?

ఐసీయూ బయట కూర్చుని ఏడుస్తుంటే ఆ చిన్న డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలో ఉన్న బిల్లు కాగితం వెనక్కి తిప్పి, మేడ మీద నీళ్ళ ట్యాంకు బొమ్మ గీసింది. ఆ ఐదు నిమిషాల్లో ఆమె చెప్పింది నేను డిగ్రీ మూడేళ్ళలో కూడా నేర్చుకోలేదు. మీకూ చెప్తాను.

మన ఒళ్ళు ఒక ట్యాంకు అనుకోండి. రోజూ వేసే మాత్ర, మోటారు వేసి ఎక్కించే నీళ్ళు. కింద ఒక పంపు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఆ పంపు మన లివరూ కిడ్నీలూ. ట్యాంకులో నీళ్ళు ఎంత ఎత్తున ఉంటే పంపు అంత జోరుగా కారుతుంది. మొదట్లో ఎక్కేది ఎక్కువ, కారేది తక్కువ, కాబట్టి మట్టం రోజురోజుకీ పెరుగుతుంది. పెరిగిన కొద్దీ కారడమూ పెరిగి, ఒక చోట ఎక్కే నీళ్ళూ కారే నీళ్ళూ సమానమవుతాయి. మట్టం అక్కడ నిలబడుతుంది. డాక్టరు మందు లెక్క కట్టేది ఆ నిలకడ మట్టం కోసమే.

ఉన్న మందులో సగం బయటికి పోవడానికి పట్టే కాలాన్ని హాఫ్ లైఫ్ అంటారు. టెన్త్‌లోనో ఇంటర్‌లోనో రేడియోధార్మికత పాఠంలో అర్ధజీవిత కాలం అని చదివి, పరీక్ష రాసి మర్చిపోయామే, అదే. వందలో సగం పోతే యాభై, మళ్ళీ సగం పోతే పాతిక, ఆపైన పన్నెండున్నర. ఐదుసార్లు ఇలా సగాలైతే మిగిలేది నూటికి మూడు. ఎక్కడానికీ అదే లెక్క. ఐదు హాఫ్ లైఫులు గడిస్తే మందు దాదాపు నిలకడ మట్టానికి చేరినట్టే.

డిగాక్సిన్ హాఫ్ లైఫ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఒకటిన్నర నుంచి రెండు రోజులు. అందులో ఎక్కువ భాగం బయటికి పోయేది కిడ్నీల దారిన. మా అత్తయ్యగారి కిడ్నీలు వయసు వల్ల సగం పని మాత్రమే చేస్తున్నాయి. ఎండలకి ఒంట్లో నీరు తగ్గి అదీ మందగించింది. అంటే పంపు సగం పూడుకుపోయింది. ఇక్కడ నేనేమో వారానికి ఐదు మాత్రలకి బదులు ఏడు వేస్తున్నాను. అంటే నూటికి నలభై ఎక్కువ. పైన మోటారు ఎక్కువసేపు వేసి, కింద పంపు మూసేస్తే ఏమవుతుంది? ఆవిడ ఒంట్లో మట్టం ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది. అదీ ఒక్కరోజులో కాదు, రెండు మూడు వారాలు పట్టింది. అందుకే మొదటి వారం బ్రహ్మాండంగా ఉంది!

"మొదటి వారం బాగానే ఉందంటే మందు సరిపడిందని కాదాంటీ, ట్యాంకింకా నిండలేదని" అందా పిల్ల. ఈ ఒక్క వాక్యం జూన్ 12న నాకెవరైనా చెప్పి ఉంటే, రెండో వారం కంచం పక్కకి జరిపినప్పుడే నేను అనుమానపడేదాన్ని.

ఈ లెక్కల శాస్త్రానికి ఫార్మకోకైనెటిక్స్ అని పేరు. పేరు వింటే నోరు తిరగదు గానీ, విషయం నాలుగు ప్రశ్నలే. మందు ఒంట్లోకి ఎలా వెళ్తుంది? వెళ్ళి ఎక్కడెక్కడ చేరుతుంది? ఎక్కడ విరుగుతుంది? ఎలా బయటికి పోతుంది? 1937లో టియోరెల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి లెక్కలు కట్టాడు. 1953లో డోస్ట్ అనే జర్మన్ డాక్టరు ఈ పేరు పెట్టాడు. ఆయన పిల్లల డాక్టరు! చంటిపిల్లంటే చిన్న సైజు పెద్దమనిషి కాదని తెలిసిన మనిషికి ఈ లెక్కల అవసరం తోచడంలో ఆశ్చర్యమేముంది? పిల్లల్ని పెంచే మనకీ ఆ అవసరం ఉంది.

ఇదంతా పెద్ద జబ్బులకి కదా, మాకెందుకంటారా? అయితే మీ వంటింట్లోకే రండి.

థైరాయిడ్ మాత్ర. మనలో ఎంతమంది వేసుకుంటున్నాం! నేనూ వేసుకుంటాను. పొద్దున లేవగానే మాత్ర, దాని వెనకే ఫిల్టర్ కాఫీ. ఏళ్ళ తరబడి అంతే. టీఎస్‌హెచ్ పెరిగితే 50ది 75 చేశారు. కాఫీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలని నాకెవరూ చెప్పలేదు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. నేను మూడూ కలిపి మింగేసేదాన్ని, ఒకేసారి పనైపోతుందని. కాఫీ వెనక్కి జరిపాక నా డోసు మళ్ళీ 50కి వచ్చింది. అంటే నాకు జబ్బు పెరగలేదు. మందు లోపలికి వెళ్ళలేదంతే. ఆ మందు హాఫ్ లైఫ్ సుమారు వారం రోజులు. ఐదు వారాలు దాటితే గానీ మట్టం నిలకడకి రాదు. డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి టెస్టు చేయించమనేది అందుకే. మా పక్కింటావిడ పది రోజులకే టెస్టు చేయించుకుని "ఏం తగ్గలేదండీ" అని దిగులుపడి డాక్టర్ని మార్చేసింది.

పెద్దవాళ్ళు మాత్ర మింగలేకపోతుంటే చిన్న రోట్లో నూరి తేనెలో ఇస్తాం. ప్రేమే అది. కానీ స్ట్రిప్ మీద పేరు పక్కన ఎస్ఆర్ అనో, ఎక్స్ఆర్ అనో, ఈఆర్ అనో ఉంటే, ఆ మాత్ర రోజంతా కొంచెం కొంచెంగా కరిగేట్టు చేసినది. నూరితే రోజు మొత్తం మందూ ఒక్కసారే లోపలికి దిగుతుంది. ట్యాంకు మీద పెద్ద బిందె బోర్లించినట్టు.

పిల్లలకి జ్వరం. పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకి 125, ఇంకో రకంలో 250. డ్రాప్స్ సీసాలోంచి సిరప్‌లా ఒక చెంచా పోస్తే, 125 పడాల్సిన చోట 500 పడుతుంది. నాలుగు రెట్లు! రెండు సీసాల మీదా పెద్దక్షరాల్లో ఉండేది బ్రాండు పేరు. ఈ అంకె కావాలంటే కళ్ళజోడు వెతుక్కోవాలి. మరి పెద్దలో? జ్వరానికి 650 మాత్ర ఒకటి, జలుబుకి వేరే మాత్ర ఒకటి వేసుకుంటారు. ఆ జలుబు మాత్రలో కూడా పారాసెటమాల్ ఉంటుందని వెనక చదివేదెవరు? పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. లివరు సవ్యంగా లేనివాళ్ళకి అంత కూడా వద్దు. పైన వేరే పేర్లు కనబడినా లివరుకి చేరేది ఒకే మందు.

మోకాళ్ళ నొప్పికి షాపులో కొనే నొప్పి మాత్రలు కిడ్నీల పని తగ్గిస్తాయి. అంటే పంపు బిగిస్తాయి. కిడ్నీల దారిన పోయే ఇంకో మందు వేసుకుంటున్న మనిషికి ఆ రెండో మందు పెరిగిపోతుంది. ఆ మనిషి దాని డోసు పెంచలేదు. నొప్పి మాత్ర ఒకటి కొనుక్కున్నారంతే.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయడానికి సిగ్గుపడకూడదనుకుని రాస్తున్నాను. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అనే మందు లివరుని మామూలు కన్నా చురుగ్గా పని చేయిస్తుంది. ఆ చురుకులో గర్భనిరోధక మాత్రలు కూడా త్వరత్వరగా విరిగిపోతాయి. మాత్ర రోజూ వేసుకుంటున్నా గర్భం రావచ్చు. టీబీ మనకి దూరపు జబ్బు కాదు, ఆ మాత్రలూ మనకి కొత్త కాదు. "నేను ఫలానా మాత్ర కూడా వేసుకుంటున్నాను" అని నలుగురి మధ్య చెప్పలేక ఊరుకున్న ఆడవాళ్ళ సంగతేమిటి? డాక్టరు అడగరు, ఆమె చెప్పదు. తర్వాత "జాగ్రత్తగా ఉండక్కర్లేదా" అని ఆమెనే అంటారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇప్పుడు అవతలి వాళ్ళ వాదన. నాకు తెలిసిన ఒక పెద్ద డాక్టరుగారితో ఇదంతా అంటే ఆయన నవ్వి, "అరకొర జ్ఞానం ప్రమాదమమ్మా. మీరంతా ఇంటర్నెట్లో చదివి డోసులు మార్చుకుంటే మా పని అయినట్టే" అన్నారు. ఆయన భయాన్ని కొట్టిపారెయ్యను. అలాంటి వాళ్ళనీ చూశాను. బీపీ తగ్గిందని మాత్ర మానేసేవాళ్ళు, నిన్న మర్చిపోయామని ఇవాళ రెండు మింగేవాళ్ళు, పక్కింటి వాళ్ళకి పనిచేసిందని అదే తెచ్చుకునేవాళ్ళు.

కానీ వీళ్ళంతా సూత్రాలు తెలిసి చేస్తున్నారా? తెలియకే కదా చేస్తున్నారు! బీపీ తగ్గింది మాత్ర వల్లేనని, ఆపితే ట్యాంకు ఖాళీ అవుతుందని తెలిసినవాళ్ళు ఆపరు. రెండు మాత్రలు ఒకేసారి మింగితే మట్టం ఎక్కడికి ఎగురుతుందో తెలిసినవాళ్ళు మింగరు. పక్కింటావిడ కిడ్నీలు వేరు, మన కిడ్నీలు వేరని తెలిసినవాళ్ళు ఆ మాత్ర తెచ్చుకోరు. ఏ మందు వాడాలో ఇంటర్నెట్లో వెతకడం ఒక సంగతి. రాసిన మందు ఒంట్లో ఎలా తిరుగుతుందో తెలుసుకోవడం ఇంకో సంగతి. మొదటిది డాక్టరు పని లాక్కోవడం. రెండోది ఆయన పని చెడిపోకుండా కాపాడటం. గ్యాస్ స్టవ్ వాడే మనిషికి రెగ్యులేటర్ ఎటు తిప్పాలో నేర్పితే సిలిండర్ విప్పి రిపేరు చేస్తుందని ఎవరైనా భయపడతారా?

అయినా అరకొర జ్ఞానం ఎవరిదండీ? "రాసింది రాసినట్టు వేస్తే చాలు" అన్నారు. వేశానుగా! నాకు అర్థమైన రాత అర్థమైనట్టే వేశాను. మరి సరిపోలేదేం?

అసలు ఈ డిగాక్సిన్ పుట్టుక కథ వింటే మీకూ నాలాగే ఒళ్ళు మండుతుంది. ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే డాక్టరు ఉండేవాడు. 1775లో ఆయన దగ్గరికి ఒక కుటుంబ వైద్యం గురించి అభిప్రాయం అడుగుతూ కబురొచ్చింది. ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలావిడ ఒంటికి నీరు పట్టిన జబ్బుకి ఇరవై పైచిలుకు ఆకులతో మందిచ్చేదట. డాక్టర్లు కుదర్చలేని వాళ్ళని కూడా కుదిర్చేదట. వితరింగ్ ఆ ఆకులన్నీ చూసి, పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్కేనని పట్టుకున్నాడు. పదేళ్ళు రోగుల మీద గమనించి, 1785లో పుస్తకం రాశాడు. ఎంత ఇవ్వాలి, ఏ గుర్తు కనబడితే ఆపెయ్యాలి అన్నదే అందులో ముఖ్య విషయం. డిగాక్సిన్ ఆ జాతి మొక్కల్లోంచి వచ్చిందే. వితరింగ్ పేరు చరిత్రలో ఉంది, ఆ ముసలావిడ పేరు ఆయన పుస్తకంలో కూడా లేదు. ఒక ఇల్లాలి చేతి వైద్యంలోంచి తీసుకున్న మందుని రెండు వందల ఏళ్ళ తర్వాత ఇంకో ఇల్లాలి చేతిలో పెట్టి, దాని గురించి నీకెందుకంటారా!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నియమం సవరించింది. మంచిదే. కానీ మా చీటీలో 5/7 ఎంత అందంగా ఉందనుకున్నారు! చదవగలిగితే చాలదు, అర్థం కావాలి. ఫార్మసిస్టు రోగికి మందు వాడకం వివరించి చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ఉంది. మీకు చివరిసారి ఏ మందుల షాపులో అలా వివరించారో గుర్తుందా? నాకు గుర్తున్నది కత్తెర చప్పుడే.

కాబట్టి నేను అడిగేది ఇదీ. డాక్టరుగారూ, మీకు టైము లేదని తెలుసు. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. కానీ 5/7 బదులు "శని, ఆదివారాలు వద్దు" అని తెలుగులో రాయడానికి ఎంత సేపు పడుతుంది? ఏ గుర్తు కనబడితే ఫోను చెయ్యాలో ఒక్క ముక్క రాయండి. మందుల షాపు వాళ్ళూ, కౌంటరు దగ్గర చదువుకున్న ఫార్మసిస్టుని నిలబెట్టండి. గోడకి వేలాడే ఫ్రేములోని సర్టిఫికెట్టు మాకు మందు వివరించదు. స్కూలు పుస్తకాలు రాసేవాళ్ళూ, హాఫ్ లైఫ్‌ని యురేనియంతో పాటు పారాసెటమాల్‌తో కూడా చెప్పండి. మా పిల్లలు యురేనియం ముట్టుకోరు. పారాసెటమాల్ నెలకోసారి మింగుతారు. ఆ పాఠం మగపిల్లలకీ చెప్పండి. మందుల డబ్బా అమ్మ పేరు మీదే రిజిస్టరు కాలేదు.

మనం కూడా కొంచెం మారాలి. అడగడానికి మొహమాటపడుతున్నాం. నేనైతే ఇప్పుడు కొత్త మందు రాసిన ప్రతిసారీ ఐదు ప్రశ్నలు అడుగుతాను. వారంలో ఎన్ని రోజులు, ఏ టైముకి? తిండితో, కాఫీతో, వేరే మాత్రలతో ఎడం ఉండాలా? ఒక పూట మర్చిపోతే ఏం చెయ్యాలి? కిడ్నీకో లివరుకో టెస్టు చూసే ఈ డోసు రాశారా? ఎక్కువైతే ఏ గుర్తు కనిపిస్తుంది? మొదట్లో గొంతు వణికేది. ఇప్పుడు వణకదు. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. పెన్ను పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఒకాయన నా నాలుగో ప్రశ్న విని ఆగి, రిపోర్టు తిరగేసి, డోసు తగ్గించి రాశారు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

జవాబులు ఒక నోటుబుక్కులో రాసి ఫ్రిజ్ మీద పెట్టాను. ఏ మందైనా మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్నే అడుగుతాను. ఆ పని నాది కాదు. కానీ ఏది అడగాలో ఇప్పుడు నాకు తెలుసు.

అత్తయ్యగారు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ మందు మళ్ళీ మొదలుపెట్టారు, సగం మాత్ర, ఐదు రోజులే. శని, ఆదివారాల గళ్ళు ఆవిడే స్వయంగా క్యాలెండర్లో కొట్టేస్తారు. మొన్న షాపుకి నాతో వచ్చి, అబ్బాయి కవరు అందించబోతే, "ఇది అన్నం ముందా నాయనా, తర్వాతా? ఆ మోకాళ్ళ మాత్రతో కలిపి వేసుకోవచ్చా?" అనడిగారు. ఆ అబ్బాయి, "రాసింది రాసినట్టు వేసుకోండి మామ్మగారూ" అన్నాడు.

ఆవిడ కవరు తీసుకోలేదు. "తెలిసినవాళ్ళని పిలువు నాయనా, నిలబడతాను" అన్నారు.

నిలబడ్డాం, ఇద్దరమూ. పది నిమిషాలు పట్టింది, కానీ లోపల్నుంచి మనిషి వచ్చి చెప్పాడు. మీరూ ఈసారి నిలబడండి.